ఫోన్ పట్టుకునే మనిషి

మా ఆయన సైటు బట్టలు పెరట్లోనే విప్పెయ్యాలి, నేను వాటిని వేణ్ణీళ్ళలో నానబెట్టి ఉతకాలి. కరోనా వచ్చిన ఏడాది మా ఇంటి చట్టం అది. చేసింది అత్తగారు, అమలు చేసేది నేను. ఆ ఉదయం బకెట్లో వేయబోతూ ప్యాంటు మడత దులిపితే గుప్పెడు ఇసుక రాలింది. గోదావరి ఇసుక గరుగ్గా ఉంటుంది. ఇది పిండిలా ఉంది. కరోనా సంగతి మరిచిపోయి కాస్త నాలుక చివర పెట్టుకున్నాను. ఉప్పు.

"సముద్రం ఇసుక తోలించేరా?" అని అడిగాను. మా ఆయన సాలమోను కాంట్రాక్టరు. సఖినేటిపల్లి దగ్గర ఒక ఆరోగ్య కేంద్రానికి కొత్త వార్డు కడుతున్నారు. అట్టు తుంచుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"గోదావరిలో ఇసుక ర్యాంపులు మూసేసేరు. ఏం చెయ్యమంటావ్? సిమెంటు కాస్త ఎక్కువ కలిపిస్తాలే. పాత ఇసుక కుప్ప ఫొటో ఉందిగా, అదే ఎక్కించెయ్."

ఎక్కించడం నా పని. లాక్‌డౌన్‌తో ప్రభుత్వ ఇంజనీర్లు సైటుకి రావడం మానేశారు. పునాది నుంచి ప్రతి దశా ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి, వారం వారం వీడియోలో జవాబు చెప్పాలి. ఈయనకు అదేమీ చేతకాదు. నేను పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా ఫస్టు క్లాసులో పాసయ్యాను. పెళ్ళయిన కొత్తలో సైటుకి వస్తానంటే, "ఆడదొచ్చి కొలతలు చెబితే మేస్త్రులు నవ్విపోతారు" అన్నారు. అలా పదకొండేళ్ళు బీరువాలో పడి ఉన్న చదువు, ఈ ఫోన్ పని వచ్చేసరికి ఆయనకు గుర్తొచ్చింది. వీడియోలో ఆయన ఇస్త్రీ చొక్కాతో కూర్చునేవారు. ఫోన్ వెనకాల నేల మీద నేను. ఊచల సైజులూ, వాటి మధ్య దూరాలూ మా అమ్మాయి పింకీ పలక మీద రాసి పైకెత్తితే, ఆయన చదివేవారు. "మీ అంత చురుగ్గా ఈ యాప్ ఎవరూ నేర్చుకోలేదండీ సాలమోను గారూ" అని ఏఈ గంగాధర్ గారు మెచ్చుకునేవారు. "ఆయ్, అంతా మీ దయండీ" అనేవారు ఈయన. ఈలోగా పొయ్యి మీద నా పప్పు మాడిపోయేది. "పొద్దస్తమానం ఆ ఫోనేనా? ఇంట్లో పనెవరు చేస్తారే?" అని అత్తగారు. కొడుకు చేతిలో ఉంటే ఉద్యోగం, నా చేతిలో ఉంటే కాలక్షేపం! ఒళ్ళు మండిపోయేది. అయినా పలక తుడిచి మళ్ళీ రాసేదాన్ని.

"ఆ ఫొటో నేను ఎక్కించను" అన్నాను.

"నీకెందుకే? లాగిన్ నాది, పేరు నాది. నువ్వు ఫోన్ పట్టుకునే మనిషివి, అంతే."

అంతలో గంగాధర్ గారే ఫోన్ చేశారు. శ్లాబు వేసేముందు పదకొండు గంటలకి సైటు మొత్తం వీడియోలో చూపించాలట. ఈయన మొహం వాడిపోయింది. వీడియో ఎలా తిప్పాలో తెలీదు మరి. "చీర మార్చుకుని రా, ఫోన్ పట్టుకోవాలి" అన్నారు. పదకొండేళ్ళకి మొదటిసారి బండి వెనకాల కూర్చుని సైటుకి వెళ్ళాను. మేస్త్రులు ఎవరూ నవ్వలేదు.

పైన ఊచలు కట్టేశారు. పక్కన కాంక్రీటు కలిపే మిల్లరు, దాని దగ్గర ఆ ఇసుక కుప్ప. ఎనిమిది మంచాల వార్డు. ఊపిరాడక వచ్చినవాళ్ళు ఈ కప్పు కింద పడుకుంటారు. ఆరేడేళ్ళలో ఉప్పుకి ఊచలు తుప్పు పట్టి ఉబ్బుతాయి, పెచ్చులు ఊడి మంచాల మీద పడతాయి. ఇది నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతి.

వీడియో కలిసింది. నేను ఫోన్ ఎత్తి పట్టుకున్నాను, ఆయన ఎదురుగా నిలబడ్డారు. ఊచలు చూపించాం.

"బాగుందండీ. ఇసుక ఎక్కడిదండీ సాలమోను గారూ?"

ఈయన అలవాటుగా ఫోన్ పైనుంచి నా చేతి వంక చూశారు, పలక కోసం. పలక లేదు. మాస్కు కిందకి లాగి, 'కట్ చేసెయ్' అన్నట్టు పెదాలు కదిపారు.

కట్ చేసే గుర్తు పక్కనే కెమెరాని మన వైపు తిప్పే గుర్తు ఉంటుంది. అది ఆయనకు తెలీదు. నేను దాన్ని నొక్కాను.

"నమస్తే అండీ గంగాధర్ గారూ. నా పేరు సరోజిని. ఇన్నాళ్ళూ మీరు మెచ్చుకున్న జవాబులన్నీ నావేనండీ. ఇప్పుడూ నేనే చెబుతున్నాను, ఇది ఉప్పు ఇసుకండీ. శ్లాబు ఆపించండి."