నడుము కాదు

"మా కోడలు కూర్చోగా చూసినవాళ్ళు లేరంటే నమ్ము! కాళ్ళకి చక్రాలే దానికి."

ఇంటికి ఎవరొచ్చినా అత్తగారు ఈ మాట అని తీరుతుంది. అప్పుడు భోజనాల బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒకసారి తలెత్తి కోడలి వైపు చూస్తారు. గరిటె పట్టుకుని నిలబడ్డ ఆమె నవ్వుతుంది. ఆ నవ్వు కూడా వడ్డనలో భాగమే. అందరూ తిని లేచాక ఆమె వంటగదిలో గట్టుకి ఆనుకుని, నిలబడే తినేస్తుంది. దాన్ని కూడా అత్తగారు వినయం ఖాతాలోనే వేసింది.

అది వినయం కాదు. కూర్చుంటే ఆమెకి నరకం కనబడుతుంది.

రెండో కాన్పు తర్వాత మొదలైంది. కుర్చీలో కూర్చున్న కాసేపటికి కాళ్ళ మధ్య, లోపలెక్కడో, కుడిపక్కగా ఒక తీగ అంటుకుంటుంది. మంటా కాదు, పోటూ కాదు, రెండూ పెళ్ళాడి కాపురం పెట్టినట్టుంటుంది. లేచి నిలబడితే నెమ్మదిస్తుంది. పడుకుంటే ఇంకా తగ్గుతుంది. కానీ ఆ ఇంట్లో ఆడది పగలు పడుకోవాలంటే జ్వరం రావాలి. అదైనా ఎవరైనా నుదుటి మీద చెయ్యేసి చూస్తే కాలే జ్వరం అయ్యుండాలి. పైకి కనబడని నొప్పికి ఆ ఇంట్లో మంచం లేదు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదని భర్తని అనడానికి లేదు. తీసుకెళ్ళాడు. దారిలోనే పాఠం కూడా చెప్పాడు. "అక్కడా ఇక్కడా అనకు. ఆయన మా ఆఫీసరు తోడల్లుడు. రేపు ఆఫీసులో నేను తలెత్తుకు తిరగాలి. నడుము నొప్పి అని చెప్పు చాలు. అంత చదువుకున్నాయన, ఆమాత్రం అర్థం చేసుకోలేడా?"

తీరా లోపలికెళ్ళాక చెప్పే శ్రమ కూడా ఆమెకి ఇవ్వలేదు. "ఏంటమ్మా బాధ?" అని డాక్టరు అడిగింది ఆమెనే. "నడుమండీ" అన్నాడు భర్త. ఆమె తలూపింది. నడుముకి స్కాను తీశారు. అంతా శుభ్రంగా ఉందన్నారు. "పడుచుపిల్ల వెన్నెముకమ్మా మీది" అని డాక్టరు మెచ్చుకున్నాడు. పరీక్షలో తనే ఫస్టు వచ్చినట్టు భర్త మొహం వెలిగిపోయింది.

ఆరోజు నుంచి "స్కానులో ఏం లేదన్నారుగా" అనేది ఇంట్లో అన్ని మాటలకీ ఆఖరి మాటయింది. సినిమాకి మీరెళ్ళి రండి అంటే అదే మాట. బస్సులో అంతదూరం కూర్చోలేను అంటే అదే మాట. పక్క మీద ఇవాళ వద్దండీ అని చెయ్యి పక్కకి పెడితే, చీకట్లో కూడా అదే మాట. ఆ తర్వాత అతను గోడవైపు తిరిగి పడుకునేవాడు. తెల్లారాక అత్తగారు కొడుకు మొహం చూసి, "వాడలా ఉన్నాడేంటమ్మాయ్, ఏమన్నావు?" అని ఆమెనే నిలదీసేది. ఇంకో ఇద్దరు డాక్టర్ల దగ్గరికి వెళ్ళారు. ప్రతిచోటా అతను ముందు ఆ స్కాను ఫిల్ము కవరు బల్లమీద పెట్టేవాడు, తర్వాత నోరు విప్పేవాడు. ఒకాయన నడుముకి బెల్టు రాశాడు. రెండో ఆయన ఫిల్మునీ ఆమెనీ మార్చి మార్చి చూసి, "మనసులో ఏమైనా దిగులుందా అమ్మా?" అన్నాడు. "నేను ముందే అనుకున్నానండీ" అన్నాడు భర్త. ఏం ముందే అనుకున్నాడో, ఎప్పుడు అనుకున్నాడో, అనుకున్నవాడు అన్ని ఫీజులు ఎందుకు కట్టాడో ఆమెకి అంతుపట్టలేదు. అన్నింటికన్నా ఆమెని తినేసింది వేరే సంగతి. ఈమధ్య తనకే అనుమానం వస్తోంది. నిజంగా ఏమీ లేదేమో. నేనే సోమరిపోతునేమో.

ఆమె ఉద్యోగం కరెంటాఫీసులో, ఫిర్యాదుల గదిలో. పొద్దస్తమానం చెవులకి హెడ్‌సెట్టు, ఎదురుగా కంప్యూటరు, కింద కుర్చీ. ఆమె కంప్యూటరు కింద పాత ఫైళ్ళు పేర్చి, ఎత్తు చేసుకుని, నిలబడి పనిచేసేది. సూపర్‌వైజరుకి అది కంట్లో నలుసు. "కూర్చోండి మేడమ్. చూసేవాళ్ళు నేనేదో మీకు గోడకుర్చీ శిక్ష వేశాననుకుంటారు" అన్నాడు. గదంతా గొల్లుమంది. పక్క సీటావిడ జాలిపడి, "మొలలైతే సిగ్గుపడకమ్మా, మా ఆయనక్కూడా ఉన్నాయి" అని చెవిలో చెప్పింది. ఆ గుసగుస గుమ్మం దాకా వినబడింది.

ఆ గదిలోనే, ఒక మధ్యాహ్నం, ఆమె నొప్పి కేసు మలుపు తిరిగింది.

ఒక ముసలాయన ఫోను. ఇంట్లో కరెంటు లేదు. లైన్‌మన్ వచ్చి చూసి, అంతా బాగుందని ఫిర్యాదు మూసేసి వెళ్ళాడు. ఆమె లైన్‌మన్‌ని ఫోనులో పిలిచి అడిగింది.

"ఆయన చెప్పిన స్తంభమే ఎక్కాను మేడమ్. బంగారంలా ఉంది. ముసలాయనకి చాదస్తం" అన్నాడతను.

మళ్ళీ ముసలాయనకి చేసింది. "తాతగారూ, మీ ఇంటికి తీగ ఏ స్తంభం నుంచి వస్తుంది?"

"వెనక సందులోదమ్మా" అన్నాడాయన, గొంతు తగ్గించి. "ఆ సందంతా మురుగు. పరాయి మనిషిని అటు రమ్మనడానికి మొహమాటం. అందుకని ముందు వీధి చెప్పాను."

ఆమెకి ఒళ్ళు మండింది. కోపం ముసలాయన మీద చూపించలేక, మళ్ళీ ఫోను చేసి లైన్‌మన్ మీద చూపించింది. "తెగిన చోటు చూడకుండా ఎక్కడా తెగలేదని ఎలా చెబుతారండీ?"

ఆ మాట హెడ్‌సెట్టులోంచి తిరిగొచ్చి తన చెవికే తగిలింది. లైన్‌మన్ ఏదో సంజాయిషీ చెబుతున్నాడు. ఆమె వినడం లేదు.

ఇంటికి రాగానే చెప్పులు విడవకుండానే బీరువా మీద నుంచి ఫిల్ము కవరు దించింది. కిటికీ వెలుగుకి అడ్డంగా పట్టింది. ఎముకలు నిచ్చెన మెట్లలా వరసగా దిగుతున్నాయి. వేలితో దిగుతూ వచ్చింది. నొప్పి ఉన్న చోటికి చేరకముందే బొమ్మ అయిపోయింది. ఇన్నాళ్ళూ తనని అబద్ధాలకోరుని చేసిన ఫిల్ములో అసలు ఆ చోటే లేదు.

"టీ పెట్టలేదేంటమ్మాయ్?" హాల్లోంచి అత్తగారు.

"పెట్టలేదత్తయ్యా" అంది. అంతే. పెడుతున్నానని అనలేదు.

ఈసారి డాక్టరుని ఆమే వెతుక్కుంది. వద్దన్నా భర్త వెంట వచ్చాడు, కవరు చంకలో పెట్టుకుని. ఆ డాక్టరమ్మ ఎప్పుడు ఇంటికి పోదామా అన్నంత అలసిపోయి ఉంది. భర్త అలవాటుగా కవరు బల్లమీద పెట్టాడు. "ఈవిడకి నడుము..."

"నడుము కాదు."

ఆమె భర్తని దాటి బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"కాళ్ళ మధ్యండీ" అందామె. "లోపల. మూత్రం పోసే చోటు నుంచి వెనకదాకా, కుడివైపు. కూర్చుంటే కాలుతుంది. కాపురం చేస్తే రెండ్రోజులు కాలుతుంది."

భర్త చెవులు ఎర్రబడ్డాయి. గోడ మీది క్యాలెండర్లో ఏదో పండగ వెతుకుతున్నట్టు అటే చూస్తూ ఉండిపోయాడు. డాక్టరమ్మ మాత్రం కళ్ళజోడు సర్దుకుని ముందుకి వంగింది.

"కమోడ్ మీద కూర్చుంటే?"

"అక్కడేమీ ఉండదండీ. మా ఇంట్లో నేను హాయిగా కూర్చునే చోటు అదొక్కటే."

డాక్టరమ్మ నవ్వలేదు. తెర వెనక మంచం మీద పడుకోబెట్టి, వేలితో లోపల ఒక చోట నొక్కింది. ఆమె కెవ్వుమంది. "ఇదేనా?" "ఇదే, ఇదే!" అంటూ ఏడ్చేసింది. ఆ ఏడుపు నొప్పికి కాదు. ఇన్నేళ్ళకి ఒక మనిషి సరైన తలుపు తట్టింది.

"అక్కడికెళ్ళే నరం ఒకటుంది. కూర్చుంటే దాని మీద బరువు పడుతుంది, కమోడ్ మీదైతే పడదు. అది నలిగినట్టుంది" అంది డాక్టరమ్మ బయటికొచ్చి. కవరు తెరిచి, ఫిల్ము చూసి, తిరిగి భర్త వైపు తోసింది. "దొంగతనం ఒకింట్లో అయితే సోదా పక్కింట్లో చేశారు. ఈసారి నడుము కింద కటి భాగానికి ఎమ్మారై తీయిద్దాం, నరం దారి కనబడేలా. ఒకటి గుర్తుంచుకో అమ్మా. సన్నటి నరం. స్కానులో దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. దొరక్కపోతే నొప్పి లేదని కాదు. ఏదేమైనా మందు రేపటి నుంచే మొదలుపెడదాం."

భర్త చెవికి ఎక్కింది ఒక్క ముక్కే. "చూశావా, దొరక్కపోవచ్చంటోంది ఆవిడ కూడా" అన్నాడు మెట్లు దిగుతూ.

స్కాను గొట్టంలోకి ఆమెని తోసినప్పుడు భయపడతావేమో అన్నారు. భయం వేయలేదు. కదలకూడదన్నారు. ఎవరూ పిలవకూడదు, పిలిచినా లేవకూడదు. పెళ్ళయ్యాక ఆమెకి ఎవరైనా ఇచ్చిన మొదటి ఆజ్ఞ అది, పడుకో అని. చుట్టూ యంత్రం సుత్తి పెట్టి కొడుతున్నట్టు మోగుతోంది. ఆ మోతలో ఆమె తనని తాను పట్టుకుంది, దొంగని పట్టుకున్నట్టు. తను మొక్కుకుంటోంది. ఏదో ఒకటి కనబడాలి దేవుడా, వాపో, నలుగుడో, ఏదైనా చెడ్డది కనబడాలి అని. లోకంలో ఎవరైనా తమ ఒంట్లో రోగం ఉండాలని మొక్కుకుంటారా? నమ్మని ఇంట్లో ఉన్నవాళ్ళు మొక్కుకుంటారు. సుత్తి మోత ఆగింది. ఆమె కూడా మొక్కు ఆపేసింది. యంత్రం సాక్ష్యం చెప్పినా చెప్పకపోయినా కాలింది నేను కదా, అనుకుంది.

రిపోర్టు ఇంకా రాలేదు. ఆదివారం వచ్చింది. ఆదివారంతో పాటు అత్తగారి ఆడపడుచు, ఆవిడ పరివారం భోజనానికి వచ్చారు. వంట అయింది. గిన్నెలు బల్లకెక్కాయి. అందరూ కూర్చున్నారు, ఆమె తప్ప.

"చూశావా వదినా," అత్తగారు మొదలుపెట్టింది, "మా కోడలు కూర్చోగా..."

"కూర్చుంటే కాళ్ళ మధ్య మండుతుంది అత్తయ్యా" అందామె. "అందుకు నిలబడతాను. మర్యాదకి కాదు."

ఎవరి చెంచానో కంచానికి తగిలింది. ఆడపడుచు పైట సర్దుకుంది. "ఏంటా మాటలు, మగవాళ్ళ ముందు!" అంది అత్తగారు. ఆమె గరిటెని మెల్లగా గిన్నెలో పెట్టి, ఆ గిన్నెని భర్త ముందుకి జరిపింది. హాల్లోకి నడిచి, అందరికీ కనబడేలా దివాను మీద, ఎడమపక్కకి తిరిగి, దిండు సర్దుకుని పడుకుంది. ఒళ్ళంతా ఒక్కసారి వదులయింది.

భర్త కంచం ముందు నుంచి లేచొచ్చాడు. బంధువులకి వినబడకుండా పళ్ళ మధ్య నుంచి అన్నాడు. "అప్పుడే ఏంటీ నాటకం? రిపోర్టు ఇంకా రాలేదుగా!"

ఆమె కళ్ళు తెరవలేదు.

"మీకు రాలేదు" అంది. "నాకు ఎప్పుడో వచ్చింది."