కరిగిన చోట మూడు వేళ్లు

మోటారు ఆపడం మరిచిపోయి ట్యాంకు పొంగించినందుకు ఆ ఉదయం రమాకాంత్ భార్య మహేశ్వరిని కుక్కరు మూతతో కొట్టాడు. మొదటి దెబ్బ భుజానికి తగిలింది. రెండోది చెవి మీద పడింది. చెవి చిట్లి, రక్తం మెడ మీదుగా జాకెట్టులోకి దిగింది. పద్నాలుగేళ్ల కూతురు సంజన, తర్వాతి వంతు తనదేనని తెలిసి, నడిమి గదిలో ఇనప బీరువా ఎక్కి అటక మీదికి పాకింది. తండ్రి అరుపులు ఆగి, స్కూటరు చప్పుడు సందు దాటిపోయేదాకా అక్కడే బోర్లా పడుకుంది. ఆ చీకట్లో ఆమె మోచేతికి ఒక అట్టపెట్టె తగిలింది.

అది 2011 సెప్టెంబరు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై వారం దాటింది. బడులు లేవు, బస్సులు లేవు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. అశోక్ నగర్‌లో పోటీ పరీక్షల పిల్లలకు నోట్సు తీసిచ్చే జిరాక్స్ షాపు రమాకాంత్‌ది. రోజూ పొద్దున షట్టరు ఎత్తడం, కాసేపటికి ఎవరో వచ్చి బంద్ చెయ్యమనడం, ఆ కోపమంతా ఇంటికి మోసుకురావడం. చిక్కడపల్లిలోని ఆ పాత ఇంట్లో అంతకుముందు వారానికోసారి పడే దెబ్బలు ఆ నెలలో రోజూ పడ్డాయి.

సంజన ఆ పెట్టెను చంకలో పెట్టుకుని ముందు గదికి వెళ్లింది. ఆ గది మేనత్త వేదవతిది. వేదవతికి ముప్పై అయిదేళ్లు, పెళ్లి చేసుకోలేదు. నారాయణగూడలో పళ్ల డాక్టర్లకు కట్టుడు పళ్లు చేసిచ్చే చిన్న ల్యాబులో పని. సమ్మె వల్ల ల్యాబు మూశారు. ఆ ఇంట్లో రమాకాంత్ చెయ్యి పడనిది ఆమె ఒక్కదాని మీదే. చిన్నప్పటి నుంచీ అంతే. అన్నకు తనంటే ప్రేమ అనుకునేది. లోపల వదిన అరుస్తుంటే వేదవతి తలుపు దగ్గరికి వేసుకుని టీవీ గొంతు పెంచేది. తర్వాత వెళ్లి దూదీ మందూ ఇచ్చేది. ఆ ఉదయం కూడా అంతే చేసింది.

"అత్తా, గిది ఎవలది?"

పెట్టె మీద బొమ్మ వెలిసిపోయింది. లోపల అరచెయ్యంత వెడల్పు, మూరెడు పొడవు ప్లాస్టిక్ హెలికాప్టరు, సగమే కట్టింది. ఒంటి రెండు చిప్పలూ వంకరగా అతుక్కుని ఉన్నాయి. ముందు అద్దం మీద పాత జిగురు మసక. పైన తిరిగే రెక్కల్లో ఒకటే ఉంది. ఎడమ పక్క ప్లాస్టిక్ కరిగి ముద్దయింది.

"మీ డాడీది," అంది వేదవతి. "మా మామ కువైట్ నుంచి తెచ్చిండు. అప్పుడు అన్నకు పదిహేనేండ్లు. జిగురుకు నిప్పు అంటుకొని చెయ్యి కాలింది. ఆడికే వదిలేసిండు."

రమాకాంత్ కుడి చేతి వెనకవైపు పాత కాలిన మచ్చ ఉంది. ఉంగరం వేలూ చిటికెన వేలూ పూర్తిగా చాచుకోవు. ఆ మచ్చ కథ ఇంట్లో అందరికీ తెలిసిందే.

"మనం బాగు చేస్తే? డాడీ ఖుష్ అయితడు కదా?" అంది సంజన.

వేదవతి పెట్టె మూయబోయింది. కానీ ఆ పిల్ల చెంప మీద మొన్నటి దెబ్బ ఇంకా పచ్చగా ఉంది. బడి లేదు, పోవడానికి చోటు లేదు. "సరే. డాడీ షాపుకు పోయినంకనే," అంది.

మర్నాటి నుంచి రమాకాంత్ స్కూటరు సందు దాటగానే ఇద్దరూ బల్ల ముందు కూర్చునేవారు. చల్లబడితే పాత జిగురు పెళుసవుతుందని వేదవతి హెలికాప్టరును ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రీజరులో పెట్టింది. మూడు గంటల తర్వాత ల్యాబు కత్తి మొనను అతుకులో పెట్టి మెల్లగా తిప్పితే, టప్పుమని చిప్పలు విడిపోయాయి. సంజన ఉలిక్కిపడి తల మీద చేతులు అడ్డం పెట్టుకుంది. ఏ చప్పుడు విన్నా ఆ పిల్ల ముందు చేసేది అదే.

జిగురు గడ్డలను గీకారు. గరుకు కాగితాన్ని నీళ్లలో తడిపి అంచులు రుద్దారు. అద్దాన్ని పళ్లు మెరుగుపెట్టే పొడితో పాలిష్ చేస్తే మసక పోయి అవతలి వేలు కనబడింది. లేని రెక్క కోసం ఉన్న రెక్కను మైనంలో అద్ది అచ్చు తీశారు. కట్టుడు చిగుళ్లు పోసే పొడీ ద్రవమూ కలిపి అందులో పోశారు. గది అంతా ఘాటు వాసన. అచ్చులోంచి రెక్క గులాబి రంగులో ఊడొస్తే సంజన పకపకా నవ్వింది. "పళ్ల సెట్టు లెక్క ఉన్నది అత్తా!" వంటింట్లోంచి మహేశ్వరి వచ్చి, చెవికి కట్టుతో గుమ్మంలో నిలబడి కాసేపు చూసి వెళ్లింది.

అయిదో రోజు కరిగిన చోటు వంతు వచ్చింది. జిగురుకు మంట అంటుకుంటే ప్లాస్టిక్ బుడగలు బుడగలుగా కాలి నల్లబడాలి. ఇది నల్లబడలేదు. వేదవతి ల్యాబు నుంచి తెచ్చుకున్న భూతద్దం కింద పెట్టింది. కరిగిన చోటు బల్లపరుపుగా ఉంది. ఒక వైపు రెండు అంచులు వచ్చి మొనలా కలిశాయి. ఇస్త్రీ పెట్టె ముక్కు. దాని పక్కనే, మెత్తబడిన ప్లాస్టిక్‌లో మూడు చిన్న గుంటలు. గుంటల్లో సన్నని గీతలు. వేలి గీతలు.

చెయ్యి హెలికాప్టరు మీద ఉండగా, పైనుంచి ఇస్త్రీ పెట్టె ఒత్తారు. వేళ్లు ప్లాస్టిక్‌లో దిగేదాకా ఒత్తారు.

వేదవతి భూతద్దం పక్కన పెట్టింది. అన్న చెయ్యి కాలింది లెక్కల్లో పదకొండు మార్కులు వచ్చిన రోజు. తండ్రి కిషన్ రావు ఆఫీసు నుంచి వచ్చి, ఏడేళ్ల తనను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "అన్న ఆ బొమ్మ ఏడ దాచిండు బిడ్డా?" అని అడిగాడు. తను అటక వైపు వేలు చూపించింది. తర్వాత అమ్మ తనను అరుగు మీదికి తోసి తలుపేసింది. లోపల అన్న అరుపు. ఒక్కటే అరుపు, చాలాసేపు. ఆ తర్వాత దవాఖానలో డాక్టరుకు అమ్మ చెప్పిన మాట తను విన్నది. "జిగురు అంటుకున్నది డాక్టర్ గారూ." ఆ మాటనే ఇన్నేళ్లూ జ్ఞాపకంగా దాచుకుంది.

"ఏమైంది అత్తా?"

"ఏం లేదు. ఈ ముక్క కోసి తీసెయ్యాలె," అంది. మళ్లీ కత్తి అందుకుంది.

అప్పుడే గేటు తన్నిన చప్పుడు. మధ్యాహ్నం పన్నెండు కూడా కాలేదు. రమాకాంత్ పెదవి పగిలి ఉంది, చొక్కా గుండీలు తెగిపోయాయి. షాపు మూయమన్న హాస్టలు కుర్రాళ్లలో ఒకణ్ని షట్టరు దించే కొక్కెం కడ్డీతో కొట్టాడు. వాళ్లంతా కలిసి షాపు అద్దం పగలగొట్టి ఇతన్ని రోడ్డు మీద పడేసి తన్నారు. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసింది ఒక్కటే, తలుపులో నిలబడి అతను బల్ల వైపు చూస్తున్నాడు.

"ఎవలు దించిండ్రు దాన్ని?"

"నేనే డాడీ," సంజన లేచి నిలబడింది. "నీదే కదా. అత్త, నేను బాగు చేస్తున్నం. చూడు, కొత్త రెక్క..."

రమాకాంత్ ఆ పిల్ల జుట్టు పట్టుకుని తలుపు చెక్కకు విసిరాడు. భుజం చెక్కకు తగిలిన చప్పుడుతో పాటు ఇంకో చప్పుడు కూడా వినబడింది. సంజన కింద కూలబడింది. ఎడమ చెయ్యి వేలాడిపోయింది. మహేశ్వరి పరుగున వచ్చి కూతురి మీద పడింది. ఆమె పొట్టలో తన్నాడు. మళ్లీ తన్నాడు. బల్ల ఒరిగి హెలికాప్టరు నేల మీద పడింది. అతను ఇనప స్టూలు ఎత్తాడు, రెండు చేతులతో, తల పైకి.

ఈసారి వేదవతి తలుపు వేసుకోలేదు. "అన్నా!" అని ఒక్కసారి అరిచింది. అతను తిరగలేదు. చేతిలో ఉన్న కత్తితో అతని కుడి మోచేతి కింద పొడిచింది. పొడిచి కిందికి లాగింది.

స్టూలు అతని వెనక పడింది. రక్తం ఎగజిమ్మి గోడ మీద, ఆమె ముఖం మీద పడింది. రమాకాంత్ తన చేతిని తానే నమ్మలేనట్టు చూసుకుని, గోడకు జారి కూర్చున్నాడు. మళ్లీ లేవబోతే వేదవతి కత్తి చూపించింది. "లేస్తే మెడల దింపుత," అంది. ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనిపించింది.

రక్తం ఆగలేదు. మహేశ్వరే కూతురి చున్నీ చింపి మోచేతి పైన బిగించింది. ఎందుకు కట్టిందో ఆమె తర్వాత ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు ఆటోలు కూడా బంద్. వేదవతి సందులోకి పరుగెత్తింది. కూరగాయలు అమ్మే మాసమ్మ బండి మూల మీద ఉంది. రక్తంతో తడిసిన వేదవతిని చూసి మాసమ్మ ఏమీ అడగలేదు. టమాటాల గంపలు అరుగు మీదికి దించి, "జర పట్టు బిడ్డా, ముందు చక్రం గుంజుతది," అని బండి తిప్పింది.

రమాకాంత్‌ను బండి మీద పడుకోబెట్టారు. సంజనను మహేశ్వరి నడిపించుకుంటూ వచ్చింది. వేదవతీ మాసమ్మా నారాయణగూడ వైపు బండి తోశారు. రోడ్డు ఖాళీగా ఉంది. చౌరస్తాలో కాలుతున్న టైరును తప్పించి తోశారు. బండి కుదిపినప్పుడల్లా రమాకాంత్ మూలిగాడు. అతని ముఖం తెల్లబడింది.

"బాపు నీ చెయ్యి ఇస్త్రీ పెట్టెతోని కాల్చిండు," అంది వేదవతి, ముందుకే చూస్తూ. "జిగురు కాదు."

అతను ఎడమ చేత్తో బండి అంచు పట్టుకున్నాడు.

"నువ్వు ఏడ దాచినవో చెప్పింది నేనే."

"తెల్సు," అన్నాడు రమాకాంత్. "నువ్వు వేలు చూపిస్తుంటే కిటికీలకెల్లి చూసిన."

బండి చక్రం కిర్రుమంటోంది.

"మరి నన్ను ఎన్నడూ ఎందుకు కొట్టలె?"

"ఏడేండ్లదానివి. నీకేం తెల్సు," అన్నాడతను కళ్లు మూసుకుని.

"సంజనకు పద్నాలుగు. ఆ పిల్ల నీకేం చేసింది?"

రమాకాంత్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. మాసమ్మ ఒక్కతే, "తోయ్ బిడ్డా, తోయ్," అంది.

నర్సింగ్ హోమ్‌లో డాక్టరు చున్నీ విప్పి చూసి, "ఎట్ల తెగింది?" అని అడిగాడు.

"జారి అద్దం మీద పడ్డ," అన్నాడు రమాకాంత్ వెంటనే.

డాక్టరు సంజన వైపు చూశాడు. మెడ కింది ఎముక విరిగి చర్మాన్ని పైకి పొడుచుకొస్తోంది. "మరి ఈ పిల్ల?" మహేశ్వరి తల వంచుకుంది. ఏ అబద్ధం చెప్పాలో వెతుక్కుంటోందని వేదవతికి అర్థమైంది. ఆ ముఖం ఆమెకు తెలిసిన ముఖమే. అమ్మది.

"నేను పొడిచిన డాక్టర్ గారూ," అంది వేదవతి. "ఈయన పిల్లను తలుపుకేసి కొట్టిండు. ఎముక విరిగింది. స్టూలుతోని చంపుతుండె. అందుకే పొడిచిన. వదిన చెవి కూడా చూడుండ్రి. కుక్కరు మూత. కడుపుల తన్నిండు. అన్నీ రాయుండ్రి."

మహేశ్వరి తల ఎత్తింది. చెవి కట్టు తానే విప్పి చూపించింది.

సాయంత్రానికి పోలీసులు వచ్చి అందరి మాటా రాసుకున్నారు. చెయ్యి కుట్లు ఆరాక రమాకాంత్ పదకొండు రోజులు జైల్లో ఉన్నాడు. వేదవతి మీదా కేసు పెట్టారు. ఆమె ఒక రాత్రి స్టేషనులో కూర్చుంది, ఏడాదిన్నర కోర్టుకు తిరిగింది. సాక్ష్యానికి పిలిచినప్పుడు రమాకాంత్, "మా చెల్లె తప్పు లేదు," అని ఒక్క ముక్క చెప్పి దిగిపోయాడు. బెయిలు మీద వచ్చాక అతను ఇంట్లో అడుగు పెట్టలేదు, మహేశ్వరి పెట్టనివ్వలేదు. షాపు వెనక గదిలో ఉండేవాడు. ఎడమ చేత్తో మెషీను నడిపేవాడు.

సంజన ఎముక అతుక్కుంది, కొంచెం వంకరగా. చేతికి పట్టీ ఉన్నన్నాళ్లూ ఆ పిల్ల మంచం మీంచి చెప్తుంటే వేదవతి పని చేసింది. కిందపడి విరిగిన తోకను లోపల సన్నని ఉక్కుతీగ పెట్టి నిలబెట్టారు. కరిగిన ముక్కను కోసి తీసి, కొత్త ప్లాస్టిక్ అతికి, పుట్టీ పూసి రుద్దారు. మరుసటి జనవరిలో ఆకుపచ్చ రంగు వేశారు. గులాబి రెక్కకు మాత్రం రంగు వద్దంది సంజన.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం రమాకాంత్ గేటు అవతల నిలబడ్డాడు.

"అది పూర్తయిందట కదా," అన్నాడు. "ఒక్కసారి చూస్త."

"అది పిల్లది," అంది మహేశ్వరి, గేటు గడియ మీద చెయ్యి తీయకుండా. "నాలుగున్నరకు బడి నుంచి వస్తది. ఆమెనే అడుగు. గంతవరకు ఆడనే నిలబడు."

రెండు గంటలు అతను ఎండలో నిలబడ్డాడు. సంజన వచ్చింది. తండ్రిని చూసి ఆగి, సైకిలును ఇద్దరి మధ్యా అడ్డం పెట్టుకుంది. ఒక్కసారి చూపించమని అతను అడిగాడు. ఆ పిల్ల లోపలికి వెళ్లి, హెలికాప్టరును రెండు చేతులా తెచ్చి, గేటుకు ఇవతల నిలబడి ఎత్తి పట్టుకుంది. అతను ఊచల మధ్య నుంచి చెయ్యి చాపాడు.

"చెయ్యి పెట్టొద్దు," అంది సంజన.

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. ఎడమ వైపు చూపించమన్నాడు. సంజన తిప్పి చూపించింది. అక్కడ ఏ మచ్చా లేదు. తల ఊపి, సందు వెంట నడిచి వెళ్లిపోయాడు.

లోపలికి వచ్చాక సంజన హెలికాప్టరును ముందుకు చాపింది. వేదవతి హెలికాప్టరు అందుకుంది.

"మళ్ల వస్తే ఏం చేస్తవ్?" అని అడిగింది.

"ఒక్కసారి అన్నడు కదా, చూపించిన," అంది సంజన. "మళ్ల చూపియ్యను."