జానెడు దూరం

కాలరు చిరిగింది, ఇంటికెళితే మా ఆవిడ అడుగుతుంది, మేకుకు తగులుకుందని చెప్పొచ్చు, కానీ మెడ మీద ఈ గోళ్ల గీరలు ఏ మేకుకు అంటగట్టను, ఇనపరేకులు నొక్కే ప్రెస్సు నడిపేవాడి అక్క గోళ్లవి, గేటు దగ్గర నా కాలరు పట్టుకుని గోడకేసి తల కొట్టింది, కాపలావాళ్లు లాగేశారు, లాగకపోయినా బాగుండేది, ఇంకో రెండు దెబ్బలు పడి ఉంటే ఈ బెంచీ మీద కూర్చునే పని తప్పేది, మావాడు ఉత్తరం రాశాడా లేదా, అది చెప్పవయ్యా, తప్పంతా వాడిదేనని రాశారో నిన్ను బతకనివ్వను, అంది, తలుపవతల విచారణకొచ్చిన అధికారి కూడా అదే అడుగుతాడు, బయటివాళ్లెవరైనా ముందే హెచ్చరించారా అని, ఆ ఉత్తరం నా జేబులోనే నాలుగు మడతల్లో ఉంది, పక్కన మేనేజరు కాఫీ ఊదుకుంటూ తాగుతున్నాడు, ఆ కప్పు లాక్కుని వాడి పళ్లు రాలేలా మొహాన కొట్టాలని ఉంది.

బయటివాళ్లను అడుగుదామన్నది వీడే, ఇంత పెద్ద యంత్రం, గీసే మనకు తట్టనిది నడిపేవాళ్లకు తడుతుంది, నక్షలు బయటపెట్టండి, ఎవరైనా రాయనీ, అన్నాడు, అందరం చప్పట్లు కొట్టాం, తీరా రెండు వందల పైచిలుకు ఉత్తరాలొచ్చి పడితే అప్పుడు చూడాలి మా మొహాలు, ఒకడికి ప్రెస్సు పచ్చరంగులో కావాలి, ఒకడికి కుర్చీ కావాలి, గడువు నెత్తి మీదికొచ్చింది, ముద్రేసి అవతల పడెయ్యవయ్యా, అన్నాడు, పరిధికి బయట, అని ఎర్ర సిరా ముద్ర, నేనే చేయించాను, ఒక్క భోజన విరామంలో నలభై వేశాను, ఠప్, ఠప్, ప్రెస్సు కూడా అంతే, దిగుతుంది, లేస్తుంది, నిన్న పొద్దున దిగినప్పుడు కింద దాన్ని నడిపేవాడి కుడిచెయ్యి ఉంది.

నేను పరిగెత్తేసరికి వాడు అరవడం లేదు, అరిచినా బాగుండేది, నిలబడి చెయ్యి వంక చూస్తున్నాడు, అచ్చులో నాలుగు వేళ్లూ రేకుతో పాటే పలచబడి అంటుకుపోయాయి, నూనె, రక్తం కలిసి నా బూటు కిందికి జారాయి, నేను రాశాను కదా సార్, అన్నాడు, తిట్టినట్టు కాదు, గుర్తుచేసినట్టు, రాశాడు, అయ్యా, రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే ప్రెస్సు దిగాలని పెట్టారు, మంచిదే, కానీ రెంటి మధ్య జానెడే దూరం, ఒక ముంజేయి అడ్డంగా ఆనిస్తే రెండూ దిగుతాయి, రెండో చేత్తో రేకు సర్దుకుంటాం, గంటకిన్ని రేకులని వెంటపడితే ఎవరైనా అదే చేస్తారు, నేనూ చేస్తాను, దూరం పెంచండి, అని, ఆ నేనూ చేస్తాను అన్న ముక్క పట్టుకుని మేనేజరు నా చెవిలో గొణుగుతున్నాడు, తెలిసి చేశాడుగా, తప్పు వాడిదే, నువ్వు కాగితం ఊసెత్తకు, నలభైలో ఒకటి, చదవలేదంటే సరిపోతుంది, వీడి గొంతు పిసకాలి, ఈ రెండు చేతులతో, నాకు పది వేళ్లూ ఉన్నాయి.

పేరు పిలిచారు, లేచాను, లోపల బల్ల, బల్ల వెనక అధికారి, కూర్చోండి, ఎవరైనా హెచ్చరించారా, చదవలేదండీ అంటే చాలు, ఇంత చిన్న మాట, రాత్రంతా నాకు నేను అదే చెప్పుకున్నాను, నలభై ఉత్తరాలు ఎవడు చదువుతాడు అని, నోరు తెరిచాను, నా ముంజేయి దానంతటది బల్ల మీద అడ్డంగా ఆనింది, ఇలాగే, అచ్చం ఇలాగే ఆనించాను ముద్రలు వేసిన రోజు, రెండు బటన్ల నమూనా పెట్టె నా బల్ల మీదే ఉంది, ఒక చేతిలో వాడి ఉత్తరం, రెండో చెయ్యి బటన్ల మీద అడ్డంగా, రెండు దీపాలూ ఒక్కసారే వెలిగాయి, అవునే, అని నవ్వాను కూడా, తర్వాత గడియారం చూశాను, పెట్టెలన్నీ అప్పటికే తయారైపోయాయి, మార్చాలంటే మళ్లీ నెల, ఇప్పుడు జేబులోంచి ఉత్తరం తీసి అధికారి ముందు మడతలు విప్పుతుంటే వాడి అక్క గోళ్ల గీరలు మెడ మీద మండుతున్నాయి, చదవకుండా వేసిన ముద్ర కాదండీ ఇది, వాడు రాసింది నిజమని నా చేత్తో నేనే తేల్చుకుని, ఆ తర్వాత వేశాను.