పావాయి అత్త పగటి నిద్ర

మా అక్క కూతురు యాళిని వెన్ను వంకర్లు తిరిగితే, కోయంబత్తూరు ఆస్పత్రిలో రెండు కడ్డీలు వేసి నిటారు చేశారు. పద్నాలుగేళ్ల పిల్ల. పది మెట్లు ఎక్కి దిగితేనే ఇంటికి పంపుతానన్నాడు డాక్టరు. మెట్లకి సత్తువ కావాలి, సత్తువకి నిద్ర కావాలి. అందుకని కొన్నాళ్లపాటు వేసుకోమని నిద్రమాత్ర రాశాడు. ఆ మాత్ర మాత్రం పనిచేయలేదు. నాలుగు రాత్రులు పిల్ల రెప్ప వాల్చలేదు. ఐదో రోజు మొదటి మెట్టు దగ్గరే కళ్లు తిరిగి నా మీద వాలిపోయింది.

పిల్లకి తోడున్నది వాళ్ల మేనత్త పావాయి. రాత్రిళ్లు లేవాల్సి వస్తోందని మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా కునుకు తీసేది. ఆ గురకకి పక్క వార్డువాళ్లు పక్కలు మార్చుకునేవారు.

ఆ సాయంత్రం పిన్నీసు కోసం ఆవిడ తాళ్లసంచి విప్పాను. వక్కల మధ్య నాలుగు నిద్రమాత్రలు. నిలదీస్తే, ఆడపిల్లకి ఇవి అలవాటైతే రేపు ఎవడు చేసుకుంటాడని, బదులుగా తన విటమిన్ బిళ్లలు మింగించానని బెరుకు లేకుండా చెప్పింది. కడ్డీలు రెండు చాలవన్నట్టు, పైన ఈ వెన్నుపోటు.

నేను గొంతెత్తితే నాలుగంతస్తులకి వినిపిస్తుంది. ఎత్తబోతుంటే యాళిని నా చెయ్యి పట్టుకుంది.

"అరవకు మామా. ఇకనుంచి మాత్ర సిస్టరే వెయ్యాలని చెప్పు. అత్త సంగతి నాకొదిలెయ్."

ఆ రాత్రి పిల్లకి ఒళ్లు తెలియని నిద్ర.

వెన్ను ఆపరేషనైనవాళ్లు సొంతంగా పక్కకి ఒత్తిగిలకూడదు. కింది దుప్పటి చెరోవైపు పట్టుకుని ఇద్దరు దుంగలా దొర్లించాలి. రెండు గంటలకోసారి, నొప్పంటే అంతకుముందే. మర్నాడు ఒంటిగంటకి పావాయి చాప పరిచింది. పది నిమిషాలకి యాళిని గంట నొక్కింది. నర్సు స్టెల్లా వచ్చింది, అత్త లేచింది, దొర్లించారు. అత్త నడుం వాల్చగానే ఈసారి ఎడమవైపు నొప్పి. తర్వాత కుడివైపు. స్టెల్లాకి అంతా తెలుసు. నొప్పంటే తిప్పాల్సిందేనని నవ్వు దాచుకుని చెప్పింది. నాలుగింటికి అత్త కునుకు లేకుండానే చాప చుట్టేసింది.

మూడు రోజులు ఇదే వరస. పావాయి కళ్లు వంకాయల్లా వాచాయి.

"నిజంగా నొప్పేనా తల్లీ?"

"నాలుగు రాత్రులు నిద్ర పట్టట్లేదని ఏడిస్తే ఓర్చుకోమన్నావు కదత్తా. ఇప్పుడు నువ్వు ఓర్చుకో."

నాలుగో రోజు యాళిని పది మెట్లూ ఎక్కి, పైన కమ్మీ పట్టుకుని నిలబడింది. దిగేటప్పుడు నడుము పట్టీ పట్టుకోవాల్సిన పావాయి, కింద గోడకి ఆనుకుని నిలబడే నిద్రపోతోంది.

పడుకోనిద్దాం, పాపం, నేను పట్టుకుంటాలే అన్నాను.

యాళిని పైనుంచి అత్తని తీరిగ్గా చూసింది.

"లేపు మామా. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు ఎక్కి దిగొచ్చన్నాడు డాక్టరు."