రాని తిట్టు

టాట్రా కొండల్లో, ఐదు సరస్సుల నడుమ ఉన్న సత్రాన్ని నడిపేది బ్లాజెనా. దానికి కావలసిన పిండి దగ్గర్నుంచి పొయ్యిలోకి బొగ్గు దాకా వీపున మోసుకొచ్చేది ఆమె భర్త వెండెలీన్. నేషనల్ పార్కు కాబట్టి అక్కడ బండ్ల దారి వేయనివ్వరు. పూర్వం ఒక గాడిదను తెచ్చారట గానీ, ఒక్కసారి ఎక్కి మళ్లీ రానని మొండికేసిందట.

ఆ దారిలో మోతగాళ్లకు ఒక కట్టుబాటుంది. వీపున తగిలించుకునే కర్ర చట్రంతో సహా మోపు దించి ఉంటే పరాయివాడు దాన్ని ముట్టడు. ముట్టాడంటే "నీ పని అయిపోయింది" అని సొంతదారు మొహం మీదే అన్నట్టు. మనిషి నీళ్లకో మరి దేనికో వెళ్లి ఉంటాడనుకుని ఎవరి దారిన వాళ్లు పోతారు.

సెప్టెంబరు చివర్లో ఒకరోజు మధ్యాహ్నం నుంచే పొగమంచు కమ్ముకుని వాన పట్టుకుంది. తడిసి ముద్దయి వచ్చిన యాత్రికులు టీ తాగుతూ, "మూడో సరస్సు దగ్గర ఎంత పెద్ద మోపు ఉందోనండీ! ఫొటో తీసుకున్నాం," అన్నారు.

"మా ఆయనదే. వస్తుంటాడులే," అంది బ్లాజెనా, క్యాబేజీ పులుసు కలుపుతూ.

చాలాసేపటికి వచ్చినవాళ్లూ అదే చెప్పారు. మోపు ఉంది, మనిషి లేడు. ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. ఇంతసేపు నీళ్లు తాగేవాడు ఎక్కడైనా ఉంటాడా? కట్టుబాటును నమ్ముకుని మొదటి కబురును చెవిన పెట్టనేలేదు. బయట వాన మంచుగా మారుతోంది. ఈ చలిలో రాత్రంతా పడి ఉంటే మనిషి దక్కడు. కోటు తొడుక్కుని, టార్చి తీసుకుని గుమ్మం దాటింది.

ఎదురుగా సిప్రియాన్ ఎక్కి వస్తున్నాడు. కనుమ అవతలి సత్రానికి ఇదే దారిన మోసేది అతనే. ఒకప్పుడు వెండెలీన్‌తో పందెం కట్టి, ముందెవరు చేరారన్న దగ్గర తగువు పడ్డాడు. అప్పటినుంచీ ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

అతని వీపున ఉన్న చట్రం వెండెలీన్‌దే. అందులో పిండి బస్తాలు లేవు. తాళ్లతో బిగించి కట్టిన వెండెలీనే ఉన్నాడు. కాలు విరిగింది, పెదాలు నీలంగా మారాయి.

"వదినా, నీ మొగుడి మోపు ముట్టాను. ముట్టడమేంటి, బస్తాలన్నీ రాళ్ల మీద దొర్లించేశాను. తిడితే తిట్టు."

"మెల్లగా దించరా, దున్నపోతా!" అని వీపు మీంచి మూలిగాడు వెండెలీన్.

కొండల్లో ఆపదలో ఉన్నవాళ్లను కాపాడే రక్షకదళానికి ఫోను చేసి, అతన్ని పొయ్యి పక్కన పడుకోబెట్టాక బ్లాజెనా అడిగింది. "అందరూ దాటి వచ్చేశారు. నీకొక్కడికే ఎలా తెలిసింది?"

"నేనూ దాటేశాను వదినా, దాచడమెందుకు? నాలుగో సరస్సు దాకా వచ్చాక ఏదో వెలితిగా అనిపించింది. నేను ఎదురుపడితే వీడు తిట్టకుండా వదిలింది ఎప్పుడు? బండ చాటున ఉన్నా కేకేసి మరీ తిడతాడు. ఇవాళ తిట్టు రాలేదు. నా మోపు అక్కడే దించి వెనక్కి పరిగెత్తాను. రాళ్ల సందులో స్పృహ లేకుండా పడున్నాడు."

బ్లాజెనా అతని రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. "నా ఇంటి దీపం నిలబెట్టావు నాయనా! బతికున్నంత కాలం మరిచిపోను."

"ముందు ఆ పులుసు కాస్త పొయ్యి వదినా," అన్నాడు సిప్రియాన్, ఎటు చూడాలో తెలియక.

"రెండు గరిటెలు ఎక్కువే పొయ్యి," అన్నాడు వెండెలీన్ కళ్లు మూసుకునే. "బాగా మోశాడు."

ఆ మాట అతని నోట వినడం సిప్రియాన్‌కు అదే మొదలు. గిన్నెలోకి తల దించేసుకున్నాడు.

ఆ ఏడాదితో కట్టుబాటు కొంచెం మారింది. మోపును ఇప్పటికీ ఎవరూ ముట్టరు. కానీ సొంతదారును పిలిచి, బదులు వినకుండా కదలరు.

మరుసటి వేసవిలో వెండెలీన్ చేతికర్రతో, బ్లాజెనా బుట్టతో పైకి వస్తుంటే మూడో సరస్సు దగ్గర సిప్రియాన్ మోపు కనిపించింది.

"ఒరేయ్ సోమరిపోతా!" అని కేకేశాడు వెండెలీన్.

జవాబు లేదు. బ్లాజెనా భర్త చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అతను మళ్లీ కేకేశాడు.

"కుంటి వెధవా, మనిషిని కాసేపు కునుకు తియ్యనివ్వవా?" అని బండ చాటునుంచి వచ్చింది.

బ్లాజెనా కళ్లు తుడుచుకుంది. వెండెలీన్ టోపీ తీసి ఆ బండ వైపు ఒకసారి తల వంచాడు.

"తిట్టాడు. ఇక పద," అన్నాడు.