ముత్తైదువ చేతి మీదుగా

వీరరాఘవరావు పెట్రోలు మీట తిప్పి, కార్బురేటర్ పక్కనున్న బొడిపెను చూపుడువేలితో నొక్కి, వేలికి చెమ్మ తగిలేదాకా ఆగాడు. ప్యాంటు కాలు మడిచి, కిక్ మీద పాదం పెట్టి, ఒంటి బరువంతా ఒక్కసారి వదిలాడు. బండి దగ్గింది. మళ్ళీ తొక్కితే దగ్గి, పొగ ఉమ్మింది. నాలుగో తాపుకు చిక్కడపల్లి సందంతా అదిరేలా లేచింది. ఎదురింటి అరుగు మీద బియ్యం ఏరుకుంటున్న బుగ్గమ్మ చేట పక్కన పెట్టి, "లేసిందా సారూ మీ దున్నపోతు" అని రోజూ అడిగినట్టే అడిగింది. అతను రోజూ నవ్వినట్టే నవ్వాడు. ఆ సందులో ఆ బండి లేవడం ఇదే ఆఖరని ఆమెకు చెప్పబుద్ధి కాలేదు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వేలం వేసిన బి.ఎస్.ఏ. మోటారు సైకిలు అది. దానికి తాళంచెవి లేదు. ఎలా లేపాలో తెలిసినవాడే దానికి తాళంచెవి అని వీరరాఘవరావు గర్వంగా చెప్పుకునేవాడు. నిజానికి అతనికి గర్వంగా చెప్పుకోవడానికి ఆ బండి తప్ప మరేమీ లేదు. కుట్టుమిషన్ల కంపెనీలో ఊళ్ళు తిరిగే మెకానిక్కు. భువనగిరి, ఆలేరు, జనగామ మొదలుకొని వరంగల్లు దాకా ఏ దర్జీ మిషను దారం తెంపినా ఈ బండి మీదే వెళ్ళి బాగుచేసి రావాలి. నలభై ఎనిమిదేళ్ళకే నడుం వంగింది. ఇంజను హోరుకు ఎడమ చెవి మందగించింది. వేళ్ళ సందుల్లోని మిషన్ నూనె వాసన ఎంత సున్నిపిండి పెట్టి రుద్దినా పోదు. తనతో చేరినవాళ్ళందరూ కుర్చీలెక్కారు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇతను అమ్మను కూడా అడిగి ఉండడు.

కృష్ణా జిల్లా నుంచి వచ్చి పన్నెండేళ్ళవుతోంది. ఈ యేడు తెలంగాణ గొడవలు మొదలయ్యాక దారిలో ఎక్కడ ఆగినా యాస బయటపడకుండా తక్కువ మాట్లాడటం అలవాటు చేసుకున్నాడు. అంతకు ముందు ఎక్కువ మాట్లాడేవాడని కాదు.

భార్య అన్నపూర్ణ ఆ బండిని "నా సవతి" అనేది. పోయిన నెల ఆలేరు అవతల గొలుసు తెగితే, బండితో సహా లారీ ఎక్కి, మర్నాడు మధ్యాహ్నానికి గాని అతను ఇల్లు చేరలేదు. గుమ్మంలో నిలబడి ఉన్న అన్నపూర్ణ ఏడవలేదు, తిట్టలేదు. "అదో నేనో తేల్చుకోండి" అని మాత్రం అంది. తేల్చుకోవడానికి నారాయణగూడలో మోటారు సైకిళ్ళు బాగుచేసే ఇంద్రసేన సాయపడ్డాడు. అశోక్ నగర్‌లో బాలకిషన్ అనే కుర్రవాడి దగ్గర నాలుగేళ్ళు నడిచిన జావా ఉంది. అతనికి పాత ఇంగ్లీషు బండ్లంటే పిచ్చి. బండికి బండి మార్చుకోవడానికి ఇద్దరికీ కుదిరింది. వీరరాఘవరావు పైన ఇవ్వవలసిన డబ్బు కూడా ముందే ఇచ్చేశాడు.

అంతా కుదిరాక అన్నపూర్ణ తన షరతు చెప్పింది. "ఈ మాయదారి బండి వేలంపాటలో ఎవరి చేతి మీదుగా వచ్చిందో తెలీదు కాబట్టే మనకిన్ని తిప్పలు. ఈసారి రాహుకాలం దాటాక వెళ్ళి, ఆ ఇంటి ముత్తైదువ చేతి మీదుగా తాళం పుచ్చుకోండి. అలా అయితేనే గుమ్మంలోకి రానిస్తాను."

సోమవారం పొద్దున ఎనిమిదింటికి వస్తానని అతను బాలకిషన్‌కు మాటిచ్చి ఉన్నాడు. కాలెండరు చూస్తే సరిగ్గా ఆ వేళకే రాహుకాలం. తొమ్మిది దాటితే గాని పోదు. మంగళవారం తెల్లవారేసరికి జనగామ దారి పట్టాలి కాబట్టి ఇంకో రోజుకు జరపడానికీ లేదు.

నిన్న సాయంత్రం అశోక్ నగర్ వెళ్ళి, వాకిట్లో నిలబడి నీళ్ళు నమిలాడు. బాలకిషన్ లుంగీ ఎగగట్టి జావాను పాతబట్టతో తుడుస్తున్నాడు. బక్కపలచని మనిషి, నవ్వితే చిగుళ్ళు కనిపిస్తాయి.

"మా ఆవిడ పట్టుదలండి. ఏమీ అనుకోకండి" అన్నాడు వీరరాఘవరావు.

"దీనికింత పరేషాన్ ఎందుకు సార్. తొమ్మిదికి నేను ఆఫీసుకు పోవాలె. తాళం మా నళిని చేతికిచ్చి పోత. మీకు ముత్తైదువనే గద గావాల్సింది."

"మరి మీరు ఆఫీసుకు ఎలా వెళ్తారు?"

"బస్సుల పోత. ఒక్కనాడు బస్సెక్కితే అరిగిపోతనా?" అని బాలకిషన్ బి.ఎస్.ఏ. టాంకును అరచేత్తో నిమిరాడు. "గీ బండి మీద ఎక్కి సాగర్ డ్యాం దాక పోవాలె సార్. నళిని ఎనక గూసుంటది. ఎన్నడన్న పోయిండ్రా?"

వీరరాఘవరావు వెళ్ళలేదు. పని లేని ఊరికి ఆ బండి మీద అతనెప్పుడూ వెళ్ళలేదు. ఆ సంగతి అప్పటిదాకా తనకు తట్టనందుకు కాస్త చిన్నబుచ్చుకున్నాడు. అయినా షరతు నెరవేరబోతున్నందుకు తేలికపడి ఇల్లు చేరాడు.

ఇవాళ తొమ్మిది దాటాక బయలుదేరినవాడు తిన్నగా అశోక్ నగర్ పోలేదు. పొరుగింటి గిన్నె తిరిగిచ్చేటప్పుడు అడుగున చిటికెడు పంచదారైనా వేసి గాని ఇవ్వని ఇల్లు వాళ్ళది. బండి మాత్రం ఖాళీ టాంకుతో ఎలా ఇస్తాడు? నారాయణగూడ బంకుకు పోయి మూత దాకా పెట్రోలు పోయించాడు. గుడ్డతో హ్యాండిలు తుడిచి, సీటు కింద స్ప్రింగులకు తన నూనెడబ్బాలోంచి తలా ఒక చుక్క వేశాడు. ఆడపిల్లను అత్తారింటికి పంపుతున్నట్టుందని తనలో తనే నవ్వుకున్నాడు.

తిరిగి వస్తుంటే చౌరస్తాలో జనం. వారం రోజుల బందు తరువాత తిరుగుతున్న బస్సులు. ఒక్కో బస్సుకు మెట్ల మీద, కిటికీలకు, వెనక నిచ్చెనకు మనుషులు వేలాడుతున్నారు. అందులో ఒకటి రోడ్డుకు అడ్డంగా ఆగిపోయి ఉంది. కండక్టరు కాలిబాట మీద కూలబడి తల పట్టుకున్నాడు. జనం కాళ్ళ సందుల్లోంచి దొర్లి వచ్చిన టిఫిన్ గిన్నె ఒకటి రోడ్డు మధ్యలో బోర్లా పడి ఉంది. పచ్చరంగు పిడి ఉన్న దాని కారియర్ కాస్త అవతల పడి ఉంది. గిన్నె పక్కనే వంకాయ కూర చిమ్మి ఉంది. ఎవరో "అయ్యో, చిన్న పిలగాడే" అంటున్నారు.

వీరరాఘవరావు బండి వేగం తగ్గించాడు. దిగుదామా అని ఒక క్షణం కాలు కింద పెట్టాడు కూడా. శుభమా అని బండి మార్చుకోవడానికి పోతూ నెత్తురు చూడటమెందుకు? అన్నపూర్ణకు తెలిస్తే మళ్ళీ ముహూర్తం మార్చమంటుంది. "శివ శివ" అనుకుని, మొహం పక్కకు తిప్పుకుని, పక్క సందులోకి బండి మళ్ళించాడు.

అశోక్ నగర్ ఇంట్లో నళిని అతని కోసమే చూస్తోంది. ఇరవై ఏళ్ళు దాటి ఉండవు. తలస్నానం చేసి, తడి జుట్టు చివర ముడి వేసుకుని, పసుపు రాసిన మొహంతో నిండుగా ఉంది. జావాకు అప్పటికే పసుపు పూసి, కుంకుమ పెట్టి, హ్యాండిలుకు బంతిపూల దండ చుట్టింది. వీరరాఘవరావు బి.ఎస్.ఏ.ని వాకిట్లోకి తెచ్చి ఆపగానే, "ఇది గూడ మా ఇంటికొచ్చింది గద" అని వెండి భరిణెలో ఉంగరపు వేలు ముంచి దాని లైటు గుండ్రం మీద కూడా మూడు బొట్లు పెట్టింది.

తమలపాకుల్లో తాళంచెవి పెట్టి రెండు చేతులా అందించింది. అతను కళ్ళకద్దుకుని పుచ్చుకున్నాడు. అన్నపూర్ణ ఒక్కసారిగా గుర్తొచ్చి గుండె తేలికైంది.

"ఆయన చెప్పమన్నరు, పెట్రోలు పోయించినప్పుడల్ల నూనె కలపాలెనట. మరిస్తే ఇంజను పట్టేస్తదట" అని నళిని అప్పజెప్పినట్టు చెప్పింది. చెప్పి, పాత బండి వైపు చూసి సిగ్గుపడుతూ, "సాయంత్రం ఆఫీసు నుంచి రాంగనే నన్ను గీ పెద్ద బండి మీద ట్యాంక్‌బండ్ దాక తిప్పుతరట. గింత పెద్దగున్నది, నాకు భయం గాదా అండి?" అంది.

"భయం లేదమ్మా. పెద్దదైనా చెప్పిన మాట వింటుంది" అన్నాడు వీరరాఘవరావు. అతను అంత ఇష్టంగా ఎవరితోనైనా మాట్లాడి చాలా కాలమైంది.

"మీ ఇంట్ల అక్కకు గూడ కుంకుమ తీస్కపోండ్రి" అని నళిని వెండి భరిణె అతని చేతికిచ్చింది. పొట్లం కట్టడానికి కాగితం తెస్తానని గడప వైపు తిరిగింది.

అప్పుడే గేటు ముందు రిక్షా ఆగింది. బాలకిషన్ వాళ్ళ అన్న, చౌరస్తాలో కాగితాల దుకాణం నడిపే కిషన్ రావు దిగాడు. చొక్కా గుండీలు ఊడి ఉన్నాయి. ముంజేతుల మీద ఎండిపోతున్న ఎరుపు. ఒక చేతిలో టిఫిన్ కారియర్. ఒక గిన్నె తక్కువ, మిగిలినవి చొట్టలు పడి ఉన్నాయి. పిడి పచ్చరంగుది.

వీరరాఘవరావుకు ఆ పిడి ముందు కనిపించింది. తరువాత వంకాయ కూర గుర్తొచ్చింది.  అరచేతిలోని భరిణెను, ఏం చేస్తున్నదీ తెలియకుండానే, చొక్కా జేబులో వేసుకున్నాడు.

నళిని కాగితం పట్టుకుని గడప మీదికి వచ్చి చూసింది. "గది మన డబ్బనే గద బావా. ఆయన మరిచిపోయిండ్రా?"

 కిషన్ రావు కారియర్‌ను మెల్లగా అరుగు మీద పెట్టాడు, అందులో ఇంకా అన్నం ఉన్నట్టు, ఒలికిపోతుందేమోనన్నట్టు.

"నళినీ, లోపలికి పో బిడ్డా."

"ఆయన ఏడున్నరు?"

"బస్సు మెట్టు మీద నిలబడ్డడమ్మా. మలుపుల చెయ్యి జారింది."

ఆమె అరవలేదు. బావ చెప్పిన మాట తనకు కాదన్నట్టు వీరరాఘవరావు వైపు తిరిగి, "ఆయన బస్సుల పోరు. ఆయనకు బండి ఉన్నది గద" అంది. చెప్పవలసింది అతనే అన్నట్టు అలాగే చూస్తూ నిలబడింది. తరువాత ఆమె చూపు దండ చుట్టిన జావా మీదికి పోయింది. చేతిలోని కాగితం జారింది. పక్కింటి ఆడవాళ్ళు పరుగున వచ్చి పట్టుకునేసరికి మోకాళ్ళ మీద కూలిపోయింది.

ఎవరో గేటు తలుపులు బార్లా తీశారు. ఎవరో మంచినీళ్ళన్నారు. కిషన్ రావు వచ్చి వీరరాఘవరావు భుజం మీద చెయ్యి వేశాడు. 

"మీరు బండి తీస్కపోండి సార్. తమ్మునిని తెస్తరు. వాకిట్ల జాగ గావాలె."

"అయ్యా, నేను..." అన్నాడు వీరరాఘవరావు.  నేనూ అక్కడే ఉన్నానండీ, కాలు కింద పెట్టాను, మొహం తిప్పుకున్నాను. ఇది ఎవరికైనా చెప్పే మాటేనా?

ఆ ఇంటి ముందు కిక్ కొట్టడానికి కాలు రాలేదు. జావాను తోసుకుంటూ గేటు దాటాడు. వెనక్కి చూస్తే బి.ఎస్.ఏ. వాకిట్లో గోడవారగా నిలబడి ఉంది. ఇంజను ఇంకా చల్లారక టిక్కు టిక్కుమంటోంది. టాంకు నిండా పెట్రోలుంది. దాన్ని ఎలా లేపాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

అశోక్ నగర్ నుంచి చిక్కడపల్లి దాకా తోసుకుంటూనే వచ్చాడు. దారిలో ఇద్దరు ముగ్గురు, పెట్రోలు అయిపోయిందా అని అడిగారు. అతనికి ఒక్కటే తిరుగుతోంది బుర్రలో. ఆమె తాళం అందించింది తను చౌరస్తా దాటి వచ్చాకనే. అంటే అప్పటికే. మొహాన ఆ పసుపూ కుంకుమా, ఆ సిగ్గూ, సాయంత్రం ట్యాంక్‌బండ్ దాకా అన్న ఆ మాటా, అన్నీ అప్పటికే అయిపోయాక.  

బుగ్గమ్మ అరుగు మీద నుంచి లేచి, "కొత్త బండా సారూ, సప్పుడే లేదు" అంది. అతను నవ్వలేదు.

అన్నపూర్ణ నిమ్మకాయలు, కర్పూరం పళ్ళెంలో పెట్టుకుని గుమ్మంలో సిద్ధంగా ఉంది. బంతిపూల దండ చూసి ఆమె మొహం విప్పారింది.

"తోసుకొస్తున్నారేమిటి? అప్పుడే చెడిందా?"

"లేదు."

"ముత్తైదువే ఇచ్చిందా తాళం?"

వీరరాఘవరావు బండికి స్టాండు వేశాడు. వేసినదాన్నే మళ్ళీ కాలితో తట్టి చూసుకున్నాడు. "ముత్తైదువే అనుకుంది అన్నపూర్ణా" అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు. మెట్టు మీద కూర్చుని అతను చెప్పాడు. చౌరస్తాలో మొహం తిప్పుకున్నది కూడా చెప్పాడు. చివరికి, "ఎనిమిదింటికే వెళ్ళి ఉంటే ఆ అబ్బాయి పెద్ద బండి మీదే ఆఫీసుకు పోయేవాడు" అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. మిషను ఎక్కడ పాడయిందో దర్జీకి చెప్పినట్టు చెప్పాడు. అన్నపూర్ణ చేతిలో పళ్ళెం ఒరిగి, నిమ్మకాయ ఒకటి దొర్లి జావా చక్రం దగ్గర ఆగింది. ఆమె దాన్ని తియ్యలేదు. పళ్ళెం అలాగే పట్టుకుని గోడకు చేరగిలబడింది. 

చాలాసేపటికి గాని అతనికి చొక్కా జేబు బరువు తెలియలేదు. చెయ్యి పెట్టి తీశాడు.

"పాపం, వాళ్ళది తెచ్చేశారే. ఇచ్చెయ్యాలి..." అని అందుకోబోయిన అన్నపూర్ణ, ఎవరికివ్వాలో తట్టి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

మర్నాడు తెల్లవారాక కూడా అతను జనగామ పోలేదు. వెండి భరిణె కిటికీలో ఉంది. మూత తీసి పక్కన ఉంది. లోపల అదిమి నింపిన కుంకుమలో ఉంగరపు వేలి కొన దిగిన చిన్న గుంట అలాగే ఉంది.