పన్నెండు మాటలు

మా అన్నయ్య కాటాలు బాగుచేసేవాడు. కిరాణా కొట్లు, మందుల దుకాణాలు, పాత ఇనుము కొనేవాళ్ళ షెడ్లు, ఎక్కడ కాటా తేడా చూపిస్తే అక్కడికి తూకపురాళ్ళ పెట్టె పట్టుకుని వెళ్ళేవాడు. చేత్తో పట్టుకుని తూచి చూస్తే తప్ప దేన్నీ నమ్మే రకం కాదు. అలాంటి మనిషి బరువంటూ లేని డబ్బు మోజులో పడ్డాడంటే మొదట నాకు నవ్వొచ్చింది.

పాత ఇత్తడి త్రాసు ఒకటి నెట్‌లో అమ్మకానికి పెట్టాడు. సముద్రాల అవతల ఎవరో కొంటానన్నారు గాని, బిట్‌కాయిన్లలో ఇస్తామన్నారు. అప్పట్లో ఆ మాట విన్నవాళ్ళే తక్కువ. అన్నయ్య రెండు వారాలు కూర్చుని దాని గురించి చదువుకుని సరేనన్నాడు. ఒక ఆదివారం పొద్దున్నే మా ఇంటికొచ్చి ఫోన్ నా ముక్కు కింద పెట్టాడు.

"చూడవే బుజ్జీ! వచ్చేసింది. ఫారం లేదు, సంతకం లేదు. వాడు పంపాడు, నాకొచ్చింది. మధ్యలో ఎవడూ లేడు."

బ్యాంకులంటే అతనికి ఎంత మంటో నాకు తెలుసు. ఒకసారి సంతకం కలవలేదని కౌంటర్లో గుమస్తా అందరి ముందూ అతని చేత పదకొండుసార్లు సంతకం పెట్టించాడు. పదకొండోదీ కలవలేదు. "నేను నేనేనని వాడెవడో ఒప్పుకుంటేనా నా డబ్బు నాకిచ్చేది?" అని వారం రోజులు ఊగిపోయాడు.

ఆ రోజు నా ఫోన్లో కూడా ఏదో ఎక్కించి కాస్త నాకు పంపాడు. తెర మీద ఒక అంకె మారింది, అంతే. చేతిలో నోటు పడితే కలిగే ధైర్యం లేదు. ఎవరో కలలో ఇచ్చినట్టుందని నేనంటే, "అలవాటు పడతావులే" అన్నాడు.

బజారు చివర ఒక బేకరీ అతను సరదాకి ఆ నాణేలు తీసుకుంటున్నాడని తెలిసి నన్ను వెంటబెట్టుకెళ్ళాడు. రెండు బన్నులు, రెండు టీలు. నాకు పంపినదంతా నా ఫోన్లోంచే కట్టించాడు. అది చేరినట్టు అవతలి ఫోన్లో కనబడడానికి పావుగంట పైనే పట్టింది. బన్నులు తినేశాం, టీలు తాగేశాం, ఇంకా కౌంటరు దగ్గరే నిలబడ్డాం. "రాలేదండీ, పారిపోకండి" అని బేకరీ అతను, "పారిపోతే మా చెల్లెల్ని తాకట్టు పెట్టుకో" అని అన్నయ్య. చివరికి ఫోన్ కిచకిచమనగానే ముగ్గురం చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టాం. ఇలా కూడా డబ్బు ఇవ్వొచ్చన్నమాట, ఎవరినీ బతిమాలకుండా, అనుకున్నాను. ఆ మధ్యాహ్నం ఇద్దరం నవ్వుకుంటూ నడిచొచ్చాం.

భోజనాల దగ్గర అన్నయ్య ఆ డబ్బు తాళం సంగతి చెప్పాడు. పన్నెండు ఇంగ్లీషు మాటలు. వరస తప్పకుండా చెప్పగలిగితే డబ్బు నీది, లేకపోతే ఎవరిదీ కాదు. మరిచిపోతే ఎవరికీ మొరపెట్టుకునేందుకు లేదు.

"రాసిపెట్టుకున్నావా మరి?" అన్నాను.

"రాస్తే మీ ఆయన చదవడూ?"

అందరం నవ్వాం. మా ఆయన కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. ఆయన డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. నేర్చుకునేవాడు బండిని గోడకి గుద్దబోతున్నా గొంతు పెంచడు. తన కాలికింద ఉన్న బ్రేకు నొక్కి, "కాస్త చూసుకోండి" అంటాడు.

అన్నయ్య ఆ మాటలు నిజంగానే ఎక్కడా రాయలేదు. కొన్నాళ్ళకి ఆ నాణేలుండే వాలెట్ యాప్‌ని ఫోన్లోంచి కూడా తీసేశాడు. మాటలు గుర్తుంటే ఏ ఫోన్లోనైనా తెరుచుకోవచ్చట. "అంతా ఇక్కడుంది" అని కణత మీద వేలితో కొట్టుకునేవాడు. వందల కొట్లలో కాటాల నంబర్లు చూడకుండా చెప్పగలిగే మనిషి. అంత ధీమా ఉండేది. తర్వాత ఏళ్ళు గడిచాయి. మేమా సంగతే మరిచిపోయాం.

ఒక రోజు కూరగాయల కొట్లో కాటా కింద వంగి మర బిగిస్తూ పక్కకి ఒరిగిపోయాడు. ఆసుపత్రిలో ఇరవై రోజులున్నాడు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. ఒక్క మాట మిగిలింది, "అదే". ఆకలేసినా అదే, నొప్పేసినా అదే, మమ్మల్ని చూసి కళ్ళనీళ్ళొచ్చినా అదే.

మొదటి ఆరునెలలూ మేం మంచివాళ్ళమే. వదిన బస్సు టికెట్ల కౌంటర్లో పనిచేసేది. జీతం లేని సెలవు పెట్టి కూర్చుంది. నేను బట్టలు సరిచేసే కొట్టు మధ్యాహ్నానికే మూసేసి వెళ్ళి అన్నం తినిపించేదాన్ని. మాటలు నేర్పించడానికి ఆసుపత్రి నుంచి ఒక అమ్మాయి వారానికి రెండుసార్లు వచ్చేది. గ్లాసు, చెంచా, దిండు ఎదురుగా పెట్టి, ఒక్కో మాటకి రోజుల తరబడి ఓపిక పట్టేది.

ఏడో నెలలో మా ఆయన పేపర్ మడిచి పట్టుకుని వచ్చాడు.

"చెల్లెమ్మా, బావగారు అప్పుడు త్రాసు అమ్మారే, ఆ నాణేలు ఉంటే ఇవాళ ఈ వీధిలో ఇళ్ళన్నీ కొని, పక్క వీధి బేరం చెయ్యొచ్చు."

"వేళాకోళం ఆడకండి అన్నయ్యగారూ" అంది వదిన. తర్వాత పేపర్ తీసుకుని నిలబడే చదివింది. చదివి కూర్చుంది. ముగ్గురం ఒకేసారి మంచం వైపు తిరిగాం. అన్నయ్య పెదవి చివర నుంచి చొంగ కారుతోంది. మేం చూస్తున్నామని సంతోషపడి, "అదే" అన్నాడు.

ఆ మాటలు గాల్లోంచి పుట్టినవి కావనీ, అందరికీ దొరికే ఒక జాబితాలోవేననీ మా ఆయన కనిపెట్టాడు. రెండువేల నలభై ఎనిమిది మాటలు. అచ్చు తీయించి పుస్తకంలా కుట్టించాడు. మొదటి మాట "అబాండన్". అర్థమేమిటని అడిగాను.

"వదిలేసి పోవడం" అన్నాడు పేజీ తిప్పుతూ.

పద్ధతి కూడా ఆయనే పెట్టాడు. జాబితా చదువుతూ అన్నయ్య ఎడమ చెయ్యి పట్టుకోవాలి. తన మాట వస్తే అన్నయ్య నొక్కాలి. పొద్దున వదిన, మధ్యాహ్నం నేను, ఆదివారాలు మా ఆయన. మొదటిసారి పుస్తకం పూర్తయ్యేసరికి అన్నయ్య మూడువందల మాటలకి చెయ్యి నొక్కాడు. నొక్కినప్పుడల్లా మా మొహాలు వెలిగేవి. అందుకని ఇంకా నొక్కేవాడు.

"ఇలా కాదు" అన్నాడు మా ఆయన. పోయినసారి నొక్కిన మాటకి ఈసారి నొక్కకపోతే తప్పు కింద లెక్క. తప్పుకి మొదట టీవీ ఆపేశాం. తర్వాత సాయంత్రం బాల్కనీలో కూర్చోబెట్టడం మానేశాం. ఆ తర్వాత టీ.

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో అన్నయ్యని "మీరు" తప్ప అనని మా వదిన ఆ వానాకాలంలో "నువ్వు"లోకి దిగింది. "గుర్తు తెచ్చుకో. మొద్దులా చూడకు. కోటీశ్వరుణ్ణి ఇంట్లో పెట్టుకుని నేను టికెట్లు చింపి బతకాలా?" అనేది. అన్నయ్య ఆమె మొహం చూసి, ఏం కావాలో తెలియక, నా చెయ్యి గట్టిగా నొక్కేవాడు.

మూడోసారి చదువుతున్నప్పుడు ఒక ఆదివారం అన్నయ్య ఎడమచేత్తో పుస్తకాన్ని తోసేశాడు. పెదవులు కూడదీసుకుని, మెడనరాలు ఉబ్బేలా తంటాలు పడి, "చాలు" అన్నాడు.

ఎనిమిది నెలల్లో మొదటి మాట.

"ఏమన్నారు?" అన్నాడు మా ఆయన.

"చాలు అన్నాడు" అంది వదిన.

మా ఆయన వేలు తడి చేసుకుని పేజీలు తిప్పాడు. "చాలు అంటే ఎనఫ్... ఎనఫ్... ఉంది! జాబితాలో ఉంది!" ఎర్రపెన్నుతో దాని చుట్టూ గుండ్రంగా గీశాడు. వదిన రెండు చేతులూ జోడించి కళ్ళకద్దుకుంది.

"చాలు" అన్నాడు అన్నయ్య మళ్ళీ. "చాలు. చాలు."

"రాసుకున్నాం బావగారూ. తర్వాతది చెప్పండి."

ఆ వారం మాటలు నేర్పే అమ్మాయి వచ్చినప్పుడు గొప్పగా చెప్పాం. ఆమె మొహం మాడిపోయింది. "అది నేను నేర్పానండీ. నెల్లాళ్ళు పట్టింది. ముందు ఆయనకి వద్దనడం రావాలని."

"మా జాబితాలోంచి నేర్పమ్మా, ఫీజు పెంచుతాం" అన్నాడు మా ఆయన.

"ఎప్పుడో బట్టీపట్టినవి ఒక్కోసారి వాటంతటవే వస్తాయండీ. మనసు తేలిగ్గా ఉన్నప్పుడు, చేతిలో అలవాటైన పనేదో ఉన్నప్పుడు. ఇలా పీక మీద కూర్చుంటే ఉన్నవీ పోతాయి."

మర్నాటి నుంచి రావద్దని ఆమెకి ఫోన్ చేసింది నేనే. నెల తిరక్కుండా అన్నయ్యకి "చాలు" కూడా పోయింది.

ఆమె చెప్పింది నిజమేనని నాకు తెలిసొచ్చింది ఒక బుధవారం మధ్యాహ్నం. మా ఆయన లైసెన్సు పరీక్షలకి వెళ్ళాడు. వదిన వంటింట్లో ఉంది. పుస్తకం తీయడానికి బద్ధకించి నేను అన్నయ్యకి గడ్డం గీస్తున్నాను. నురగ పూసి, బుగ్గ లాగిపట్టి, బ్లేడు కిందికి లాగాను. రెండోసారి లాగేసరికి అన్నయ్య నోరు విప్పాడు.

"లాడర్. వింటర్. టికెట్. ఆలివ్."

పాత గొంతే. తడబాటు లేదు, నత్తి లేదు. బస్సులో కిటికీ పక్క కూర్చుని తనలో తను చెప్పుకునేవాడిలా, కళ్ళు సగం మూసుకుని చెప్పుకుపోతున్నాడు. ఐదోది, ఆరోది, ఏడోది. నేను చెయ్యాల్సిందల్లా బ్లేడు ఆపకపోవడమే. కాని నేను కెవ్వుమన్నాను.

"వదినా! పెన్ను! పెన్ను తీసుకురా!"

అన్నయ్య కళ్ళు తెరిచాడు. నన్ను చూశాడు. "అదే" అన్నాడు.

వదిన తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. ఎన్ని అంది. ఏడు అన్నాను. చెప్పమంది. నాకు నాలుగే గుర్తున్నాయి. మిగిలిన మూడూ నా అరుపులోనే కొట్టుకుపోయాయి.

"నీ నోరు పడిపోను!" అంది వదిన. అన్నాక, మంచం వైపు చూడకుండా గోడకి జారగిలబడింది. కాసేపటికి తనకే గుర్తొచ్చింది. "రోజూ గడ్డం గీసుకుంటూ ఏదో గొణిగేవాడు. పాటేమో అనుకున్నాను."

అది మొదలు రోజుకి మూడుసార్లు అన్నయ్యకి గడ్డం గీశాం. గియ్యడానికి వెంట్రుక లేకపోయినా గీశాం. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పక్కన కాగితం పెన్ను పెట్టుకుని, ఊపిరి బిగబట్టుకుని. సబ్బు మార్చాం, బ్లేడు మార్చాం, అన్నయ్య పాత అద్దం తెచ్చి ఎదురుగా పెట్టాం. అతను ఒక్క మాట మాట్లాడలేదు. రెండోవారానికి బుగ్గలు ఎర్రగా కమిలిపోయాయి. మూడోవారానికి నురగలో నెత్తురు కలిసి గులాబీ రంగులోకి వచ్చింది. మగ్గులో బ్రష్ తిప్పిన చప్పుడు వినబడితే చాలు, మొహం దిండులో దాచుకుని మూలిగేవాడు.

"కాస్త గడ్డం ఎత్తండి బావగారూ" అనేవాడు మా ఆయన, గొంతు పెంచకుండానే. "ఐపోయింది, ఐపోయింది. రాస్తే నేను చదువుతానన్నారు కదా. ఇప్పుడు చెప్పండి, నేనే రాసుకుంటాను."

వదిన కాళ్ళు పట్టుకునేది. తల కదలకుండా పట్టుకున్నది నేను.

చివరికి కుడిబుగ్గ చీముపట్టి జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో డాక్టరు ఆ మొహం చూసి ఇదేమిటన్నాడు. సబ్బు పడలేదండీ అన్నాడు మా ఆయన. డాక్టరు మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు. జ్వరం తగ్గాక ఇంటికి పంపనన్నాడు, రోగుల్ని చూసుకునే ఒక హోముకి రాసిచ్చాడు. వదిన కాగితాల మీద సంతకం పెట్టి, మర్నాడే కౌంటరు పనికి వెళ్ళిపోయింది. మా ఆయన జాబితా పుస్తకాన్ని పాత పేపర్లతో కలిపి అమ్మేసి చేతులు దులుపుకున్నాడు. ఇప్పటికీ ఎవరైనా ఆ నాణేల మాటెత్తితే, "మా బావగారు మంచి మనిషేగాని మొండివాడండీ" అంటాడు.

నేను ప్రతి గురువారం హోముకి వెళ్తాను. అన్నయ్యకి గడ్డం పెరిగిపోయింది. ఎవరినీ ముట్టుకోనివ్వడట, వాళ్ళూ వదిలేశారు. గుమ్మంలో నన్ను చూడగానే ఎడమచెయ్యి బుగ్గకి అడ్డం పెట్టుకుంటాడు. నేను రెండు అరచేతులూ విప్పి చూపిస్తాను. అప్పుడు దించుతాడు. పక్కన కూర్చుంటాను. ఏమీ అడగను. బేకరీ అతను కొట్టు ఎత్తేశాడనో, వర్షం పడేలా ఉందనో చెబుతాను. "అదే" అంటాడు.

నా సంచిలో ఫోన్ ఉంటుంది. లోపలికి రాకముందే రికార్డింగ్ పెట్టి వస్తాను. ఇంటికెళ్ళాక తలుపేసుకుని మొత్తం వింటాను. చక్రాల కుర్చీల చప్పుడు, ఎవరిదో దగ్గు, నా మాటలు, అతని ఊపిరి. రెండేళ్ళ గురువారాలు అలా పోగుపడ్డాయి. మా ఆయనకి చెప్పలేదు, వదినకీ చెప్పలేదు.

మొన్న వెళ్ళినప్పుడు అన్నయ్య కుర్చీలోనే కునుకు తీస్తున్నాడు. ఎండ కాళ్ళ మీద పడుతోంది. నిద్రలో పెదవులు కదిలాయి. శబ్దం లేదు, కదలిక మాత్రమే. దాహమేస్తోందేమో, లేపి నీళ్ళివ్వాలేమో.

నేను చప్పుడు కాకుండా సంచి అతని నోటి దగ్గరికి జరిపాను.